ఈ బియ్యం ఎక్కడివి? – ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్’

గుప్పెడు బియ్యంతో ఇంటిల్లిపాదికీ గిన్నె నిండా అన్నం పెట్టాలంటే ఏం చెయ్యాలి? దంపుడు బియ్యాన్ని దోరగా వేయించాలి. మరిగిన నీళ్ళు పోసి రాత్రంతా వదిలెయ్యాలి. తెల్లారేసరికి గింజలు నీళ్ళు తాగి ఉబ్బిపోయి ఉంటాయి. అప్పుడు వండాలి. పద్నాలుగో శతాబ్దపు యోధుడు కుసునోకి మసాషిగె పేరు తగిలించి యుద్ధకాలపు జపాన్‌లో ప్రచారంలోకి తెచ్చిన చిట్కా ఇది. పేరు చూస్తే దేశభక్తి, తీరా చూస్తే కడుపుని మోసం చెయ్యడం. కొత్తకోడలు సుజు ఇది వండి, కుండ నిండినందుకు మురిసిపోతూ అందరికీ వడ్డిస్తుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఎవరి మొహంలోనూ కళ ఉండదు. మళ్ళీ ఆ వంటకం ఆ ఇంట్లో చెయ్యరు.

సునావో కతబుచి దర్శకత్వంలో 2016లో వచ్చిన ఈ యానిమేషన్ సినిమాలో సగం దాకా ఇలాంటి సీన్లే. ఫుమియో కోనో అనే రచయిత్రి 2007-2009 మధ్య ఒక పత్రికలో సీరియల్‌గా వేసిన మాంగా దీనికి ఆధారం. కథ జరిగేది హిరోషిమా పక్కన, ఓ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న కురె అనే రేవు పట్నంలో. హిరోషిమా అందరికీ తెలుసు. కురె పేరు మనలో చాలామంది విని ఉండం. కానీ 1945లో అమెరికా విమానాలు పదే పదే వచ్చింది కురెకే. ఎందుకంటే అక్కడ నావికాదళ స్థావరం ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌక యమాటోని కట్టింది అక్కడే.

కథ చెప్పకుండా ఈ సినిమా గురించి రాయడం నాకు చేతకావట్లేదు. చూడనివాళ్ళు ముందు చూసి రండి. వ్యాసం ఎక్కడికీ పోదు.

సుజుది హిరోషిమాలోని ఎబా. సముద్రపు నాచు ఆరబెట్టి అమ్ముకునే కుటుంబం. బొమ్మలెయ్యడం తప్ప మరే పనీ చురుగ్గా చెయ్యలేని, ఎప్పుడూ పరధ్యానంగా ఉండే పిల్ల. 1944 ఫిబ్రవరిలో, పద్దెనిమిదేళ్ళకి, కురెలోని హోజో వాళ్ళింటికి కోడలిగా వస్తుంది. కొండవాలు మీద ఇల్లు, కింద రేవు, రేవులో ఓడలు. భర్త షుసాకు నావికాదళ కోర్టులో గుమాస్తా. కాళ్ళనొప్పులతో మూలబడ్డ అత్తగారు. విమాన ఇంజన్ల దగ్గర పనిచేసే మావగారు. పెళ్ళయిన కొన్ని రోజులకి పుట్టింటికి ఉత్తరం రాద్దామని కూర్చుని, ఇంతకీ ఈ ఇంటి అడ్రస్ ఏంటని అడుగుతుంది మన సుజు.

ఇక ఆడపడుచు కేకో. ‘ఆడపడుచు అర్ధమొగుడు’ అనే మాట జపాన్‌లో ఉందో లేదో గానీ, కేకోని చూస్తే ఉండే ఉంటుందనిపిస్తుంది. ఒకప్పుడు ఫ్యాషన్‌గా తిరిగిన అమ్మాయి, తనకి నచ్చినవాణ్ణి చేసుకుంది. భర్త పోయాడు. కొడుకుని అత్తింటివాళ్ళు ఉంచేసుకున్నారు. చిన్నపిల్ల హరుమిని వెంటబెట్టుకుని పుట్టింటికి చేరింది. ఆ కోపమంతా మరదలి మీదే. ఓ రోజు సుజుని ‘మీ హిరోషిమాకి పో’ అనేస్తుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం, పాపం పిల్లకి పుట్టింటి మీద బెంగగా ఉందని గమనించి నాలుగు రోజులు ఉండి రమ్మంటోంది కాబోలు అనుకుని నిజంగానే ఊరికి పంపిస్తారు. ఇలాంటి కామెడీ తెలుగువాళ్ళకి సబ్‌టైటిల్స్ లేకుండానే అర్థమవుతుంది. యుద్ధం సినిమా అని కూర్చున్నవాడికి గంటసేపు అత్తారింటి కథ నడుస్తుంటే విసుగు రావాలి. నాకు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే తేదీల సంగతి చెప్పాలి.

కోనో మాంగాలో ప్రతి అధ్యాయానికీ ఒక నెల పేరుంటుంది. జపాన్‌వాళ్ళ లెక్కలో 1944 అంటే షోవా 19, 2007 అంటే హెయ్‌సెయ్ 19. ఈ పోలికని పట్టుకుని, కథలో ఏ నెల నడుస్తోందో పత్రికలోనూ అదే నెల వచ్చేలా ఆవిడ సీరియల్ నడిపారు. అంటే పాఠకుడు కూడా సుజుతో పాటే ఒక్కో నెలా బతికాడన్నమాట. సినిమాలో కూడా నెలా సంవత్సరం తెర మీద పడుతూనే ఉంటాయి. మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో సర్వర్ ఏదైనా కూలిపోయాక, అది కూలే ముందు గంటలో ఏం జరిగిందా అని లాగ్స్ తిరగేస్తుంటాం. పక్కనే టైమ్ ఉంటుంది. ఇంకో పది నిమిషాల్లో ఏం కాబోతోందో చదివేవాడికి తెలుసు, ఆ లైన్లు రాసుకుంటూ పోయిన ప్రోగ్రామ్‌కి తెలీదు. ఈ సినిమా చూడ్డం అచ్చం అలాగే ఉంటుంది. సుజు చీమల నుంచి కాపాడదామని చక్కెర గిన్నెని నీళ్ళ కుండలో తేలేస్తుంది, అది కాస్తా మునిగిపోతుంది, ఉన్న చక్కెరంతా పోతుంది. మనం నవ్వుతాం. నవ్వుతూనే మూలనున్న నెల పేరు చూస్తాం.

కతబుచి ఈ తేదీల పిచ్చిని ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు. ఏ రోజు వాతావరణం ఎలా ఉంది, సైరన్లు ఎప్పుడు మోగాయి, ఏ ఓడ ఎప్పుడు రేవులో ఉంది, అన్నీ వెతికాడు. సినిమా మొదట్లో చిన్నపిల్ల సుజు నడిచే హిరోషిమా నకజిమా పేట ఇప్పుడు లేదు, అక్కడ శాంతి స్మారక ఉద్యానవనం ఉంది. పాత ఫోటోలు, అక్కడ ఒకప్పుడు ఉన్నవాళ్ళ జ్ఞాపకాలు పోగేసుకుని దుకాణం పక్కన దుకాణం పెట్టుకుంటూ ఆ వీధిని మళ్ళీ గీశాడు. నిర్మాతలు దొరక్క ఏళ్ళ తరబడి తిరిగిన సినిమా ఇది. చివరికి మూడు వేలకు పైగా జనం క్రౌడ్‌ఫండింగ్‌లో డబ్బులేస్తే కదిలింది.

మొదటి పెద్ద దాడి 1945 మార్చి 19న. సుజు, హరుమి కొండ మీద పొలంలో ఉంటారు. పైన విమానాలు, కింద ఓడల మీంచి ఫిరంగులు. ఏ గుండు ఏ ఓడదో తెలియడానికి పేలినప్పుడు రంగు పొగలొచ్చే ఏర్పాటు ఉండేది. నీలం ఆకాశంలో ఎరుపు, పసుపు, నీలం మబ్బులు. సుజు పారిపోవాల్సింది పోయి, ఇప్పుడు నా దగ్గర రంగులుంటేనా అనుకుంటుంది. అనుకోగానే తెర మీద కుంచె విదిలించినట్టు రంగు చుక్కలు పడతాయి. ప్రాణం పోయేవేళ ఇదేం ఆలోచన అనిపిస్తుంది, నిజంగా అలాంటి ఆలోచనే వస్తుందనీ అనిపిస్తుంది.

ఆ సీన్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది సుజు కాదు, మావగారు. తల మీద విమానాలు కొట్టుకుంటుంటే ఆయన ఒక జపాన్ విమానం శబ్దం విని, అది తమ ఇంజనే అన్నట్టు మురిసిపోతాడు. మంచివాడు, కోడల్ని పల్లెత్తు మాట అనడు. రాత్రి షిఫ్టు చేసొచ్చి, ఆ దాడి మధ్యలోనే నిద్రపోతాడు. చచ్చిపోయాడేమోనని వీళ్ళు హడలిపోతారు. నవ్వొచ్చే సీనే. కానీ ఆ ఇంట్లో అన్నం ఆ ఇంజన్ల మీద వచ్చిన జీతంతో వండిందేనని సినిమా ఎక్కడా గట్టిగా అనదు, దాచిపెట్టదు కూడా. ఇంజినీరింగ్ చదివి, నేను రాసే కోడ్ చివరికి ఎక్కడ నడుస్తుందో సగం సార్లు తెలియకుండానే బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

మే 5న ఆయన పనిచేసే హిరో కర్మాగారం మీద బాంబులు పడతాయి. చాలా రోజులు ఆయన జాడ తెలీదు. చివరికి నావికాదళ ఆసుపత్రిలో ఉన్నాడని తెలుస్తుంది. జూన్ 22న సుజు, హరుమి ఆయన్ని చూసొస్తుండగా సైరన్ మోగుతుంది. దగ్గర్లో ఉన్న షెల్టర్లో దూరతారు. దాడి అయిపోతుంది. బయటికొస్తారు. ఇద్దరూ చేతులు పట్టుకుని నడుస్తుంటారు. హరుమికి ఓడలంటే ప్రాణం, అన్నయ్య నేర్పిన ఓడల పేర్లన్నీ కంఠతా వచ్చు. కంచె విరిగిన చోట నుంచి రేవు కనబడుతుందేమో చూద్దాం అంటుంది. పక్కనే నేలలో గుంట. ఆలస్యంగా పేలే బాంబుల గురించి పేటవాళ్ళకి పాఠం చెప్తుంటే సుజు రాసుకున్న నోట్సు మనం ముందే చూశాం. అది ఆవిడకి గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

తెర నల్లబడుతుంది. నలుపు మీద తెల్ల గీతలు, సుద్దముక్కతో పిల్లలు గీసినట్టు. కళ్ళు తెరిచాక హరుమి లేదు. హరుమి చెయ్యి పట్టుకున్న కుడి చెయ్యి సుజుకి లేదు. బొమ్మలేసే చెయ్యి.

ఆ తర్వాత సుజు మనసులో జరిగేదంతా ‘అయితేనో’, ‘కాకపోతేనో’. చెయ్యి మార్చి పట్టుకుని ఉంటే? రోడ్డుకి అటు పక్కన నడిచి ఉంటే? కంచె దాటి దూకేసి ఉంటే? కేకో ‘నా కూతుర్ని చంపేశావ్’ అంటుంది. సుజు ఏమీ అనదు. మాంగాలో దీనికి కోనో చేసిన పని గురించి చదివినప్పుడు నేను ఆ పుటలు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. సుజు చెయ్యి పోయిన దగ్గర్నుంచి వెనకాల దృశ్యాలన్నీ ఆవిడ తన ఎడమ చేత్తో గీశారు. ఇళ్ళు వంకర, చెట్లు వంకర. చెప్పకపోతే చాలామంది పట్టుకోరు, కానీ ఏదో తేడాగా ఉందని మాత్రం అందరికీ అనిపిస్తుంది.

జూలై మొదటి రాత్రి బి-29లు వచ్చి కురె ఊరు మొత్తాన్ని తగలబెడతాయి. హోజో వాళ్ళింట్లోకి ఒక నిప్పు బాంబు దూసుకొస్తుంది. సుజు దాన్నే చూస్తూ నిలబడిపోతుంది. కాలిపోనీ అనుకుంటోందని మనకి తెలుస్తూనే ఉంటుంది. ఈ ఇల్లు పోతే తను ఇక్కడ ఉండక్కర్లేదు కదా. తర్వాత గట్టిగా కేక పెట్టి, పరుపు తీసుకుని నిప్పు మీద పడుతుంది. ఒక ఇంటి కోడలిగా సుజు నిర్ణయం తీసుకున్నది ఆ క్షణంలోనేనని నాకనిపిస్తుంది.

ఇక్కడ చాలామందికి ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ గుర్తొస్తుంది. 1988లో తకాహత తీసిన ఆ సినిమా కోబె నగరంలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ళ కథ. గొప్ప సినిమా, రెండోసారి చూసే ధైర్యం లేదు. కానీ అందులో ఆ పిల్లలిద్దరూ ఇల్లు వదిలేసి వెళ్ళిపోతారు. మిగతా లోకంతో తెగిపోయాక వాళ్ళ మీద మనకి జాలి తప్ప ఇంకేం మిగలదు. కురె సినిమాలో ఇల్లు అలాగే ఉంటుంది, రేషను క్యూలు ఉంటాయి, పేటవాళ్ళ మీటింగులుంటాయి, రేపటికి వండాలి. ఇల్లుంటే లెక్కలు కూడా ఉంటాయి. ఎవరు ఏం చేశారు, ఎవరు ఏం తిన్నారు అనే లెక్కలు. నాకు ఈ సినిమా ఎక్కువగా పట్టుకున్నది అందుకే. నా పేచీ కూడా అక్కడే.

ఆగస్టు 6 పొద్దున కేకో సుజుకి బట్టలు సర్దుతూ, జుట్టు కడుతూ, నువ్వు ఇక్కడే ఉండొచ్చు, ఆ రోజు అన్నమాట తప్పు అన్నట్టు మాట్లాడుతుంది. సరిగ్గా అప్పుడు ఒక మెరుపు. కాసేపటికి ఇల్లు ఊగుతుంది. కొండ వెనక మబ్బు లేస్తుంది. అదేంటో ఎవరికీ తెలీదు. హిరోషిమా నుంచి ఎగిరొచ్చిన తలుపు చట్రం చెట్టుకి వేలాడుతుంటుంది. అంతే. ఆ రోజు దగ్గర కతబుచి హిరోషిమాని ఇంతకన్నా దగ్గరగా చూపించలేదు, అది సరైన పని. ఆ ఇంట్లోవాళ్ళకి ఆ రోజు తెలిసింది అంతే కాబట్టి.

ఆగస్టు 15. రేడియోలో చక్రవర్తి గొంతు. యుద్ధం ఓడిపోయాం. పేట ఆడవాళ్ళంతా, హమ్మయ్య అయిపోయింది అన్నట్టు లేస్తారు. ఎప్పుడూ కోపం రాని సుజుకి కోపం వస్తుంది. చివరి మనిషి దాకా పోరాడాలన్నారు కదా, ఇక్కడ ఇంకా మనుషులున్నారు కదా అని అరుస్తుంది. పొలంలోకి పరిగెత్తి కూలబడి ఏడుస్తుంది. మాంగాలోనూ, సినిమాలోనూ ఇంతవరకూ ఒకటే.

మాంగాలో ఆ తర్వాత ఊళ్ళో ఒక చోట కొరియా జెండా ఎగురుతుంది. కురెలో, అలాంటి ఆయుధ కర్మాగారాలున్న చాలా ఊళ్ళలో, కొరియన్లు ఉండేవాళ్ళు. 1910 నుంచీ కొరియా జపాన్ వలస. సుజుకి ఆ జెండా చూశాక అర్థమవుతుంది: ఇన్నాళ్ళూ మేం వేరేవాళ్ళని బలంతో తొక్కిపెట్టాం, అందుకే ఇవాళ బలానికి తలొంచాల్సి వచ్చిందని. తెలియకుండానే చచ్చిపోయి ఉంటే బావుండేదని ఏడుస్తుంది.

సినిమాలో జెండా ఉంటుంది, కానీ రెప్పపాటులో వెళ్ళిపోతుంది. సుజు మాట మారిపోయింది. తను తిన్న బియ్యం, సోయా సముద్రం అవతల్నుంచి వచ్చినవేనని, తన ఒళ్ళంతా వాటితోనే తయారైందని అంటుంది. అందుకే బలానికి లొంగక తప్పదా అని అడుగుతుంది.

ఇది చిన్న మార్పు కాదు. సమర్థించేవాళ్ళు చెప్పేది నాకు అర్థమవుతుంది. సుజు రాజకీయాలు తెలిసిన మనిషి కాదు, ఆవిడకి తెలిసింది వంటిల్లు. సినిమా అంతా బియ్యం గురించే కదా నడిచింది. మొదట్నుంచీ ఉబ్బబెట్టిన బియ్యం, కలుపుమొక్కల కూరలు, బ్లాక్‌లో చక్కెర చూపించుకుంటూ వచ్చి, చివరికి ఆ బియ్యం ఎవరివని అడగడం చాలా చక్కటి అల్లిక. చరిత్రగా కూడా నిజమే. జపాన్ అప్పట్లో కొరియా, తైవాన్‌ల నుంచి బియ్యం, మంచూరియా నుంచి సోయా తెప్పించుకునేది. నేరం ఎక్కడో సైనికుల దగ్గర కాదు, కడుపులోనే ఉందనడం జెండా చూపించడం కన్నా లోతైన మాట. మొదటిసారి చూసినప్పుడు నేను సినిమా వైపే ఉన్నాను.

మాంగా చదివాక మనసు మార్చుకున్నాను. బియ్యానికి మొహం లేదు. బియ్యం సముద్రం అవతల్నుంచి వచ్చిందంటే ఒక ఓడ కనబడుతుంది, బస్తా కనబడుతుంది, పండించినవాడు కనబడడు. జెండా అలా కాదు. దాన్ని ఎవరో ఎగరేశారు. సుజు పొలంలో పడి ఏడుస్తున్న అదే మధ్యాహ్నం, అదే ఊళ్ళో, అవే బాంబుల కింద బతికినవాళ్ళు ఎవరో ఆనందంగా ఉన్నారు. ఆ ఒక్క గడితో కోనో, ఈ మూలనున్న ఇల్లు ఒక్కటే ఇల్లు కాదని చెప్పేస్తుంది. సినిమాలో సుజు బాధ చివరిదాకా సుజు బాధే. జపాన్ పాఠశాలలో చదివినవాడు ఆ బియ్యం మాట పట్టుకుంటాడేమో. మనలాగ సబ్‌టైటిల్స్ మీద బతికేవాడికి అది ఒక వాక్యంలా వచ్చి పోతుంది, జెండా అయితే కనబడను కూడా కనబడదు.

ఇదంతా మనకెందుకు అంటారేమో. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసింది ఇదే జపాన్ నావికాదళం. విశాఖలో జనం ఇళ్ళకి తాళాలేసి పల్లెలకి పరుగెత్తారు. అంతకు ముందు, 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అప్పటికి రంగూన్ రేవులో మూటలు మోసే కూలీల్లో, బియ్యం మిల్లుల్లో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్ళు బోలెడుమంది. బర్మాలో తెలుగువాళ్ళకి కోరంగీలనే పేరుండేది. వాళ్ళలో చాలామంది అడవుల్లో పడి నడుచుకుంటూ ఇండియా వైపు వచ్చారు, దారిలో ఎంతోమంది పోయారు. బర్మా జపాన్ చేతిలోకి పోయాక అక్కణ్ణుంచి బియ్యం రావడం ఆగిపోయింది. 1943 బెంగాల్ కరువుకి ఉన్న కారణాల్లో అదొకటి. సుజు మాటలో ‘సముద్రం అవతల’ అంటే ఎవరెవరో ఉన్నారు. మనవాళ్ళూ ఉన్నారు. హోజో వాళ్ళ మావగారు మంచివాడే, నేను ఒప్పుకుంటాను. రంగూన్ రేవులో మూట మోస్తూ తల పైకెత్తి విమానం శబ్దం విన్నవాడికి ఆ ఇంజన్ ఎవరు తయారుచేశారో తెలిసే అవకాశం లేదు.

దీన్ని బట్టి ఈ సినిమా అబద్ధం చెప్పిందని నేననట్లేదు. యుద్ధాన్ని ముద్దుగా చూపించిందని కొందరు అన్నారు, ఆ మాట జూన్ 22 సీన్ చూసినవాళ్ళు ఎలా అంటారో నాకు తెలీదు. ఆగస్టు 15 రాత్రి అత్తగారు ఎప్పటి కోసమో దాచిన తెల్లబియ్యం తీసి అన్నం వండిస్తుంది. లైటు చుట్టూ కట్టిన నల్లగుడ్డ తీసేస్తారు. ఇంటి వెనక కేకో ఒక్కతే కూర్చుని, ఎవరికీ వినబడకుండా కూతురి పేరు పెట్టి ఏడుస్తుంది. ఇవన్నీ చూపించగలిగినవాడు యుద్ధాన్ని తేలిక చెయ్యలేదు. ఒక్క చోట, అత్యంత ముఖ్యమైన చోట, మెత్తబడ్డాడు. అంతే నా పేచీ.

ఆ తర్వాత వచ్చే ఒక సీన్లో మాత్రం కతబుచి మళ్ళీ దారిలోకొచ్చాడు. యుద్ధం అయిపోయాక సుజు, కేకో క్యూలో నిలబడతారు. అమెరికా సైనికుల శిబిరంలో మిగిలినవన్నీ కలిపి కాచిన జావ. అందులో సిగరెట్ పెట్టె కాగితం కూడా తేలుతుంటుంది. ఇద్దరూ తిని మొహాలు చూసుకుంటారు. అద్భుతంగా ఉంటుంది. హరుమిని చంపిన బాంబు వేసినవాళ్ళ ఎంగిలి అది. ఎవరూ ఏమీ అనరు, గిన్నె నాకేస్తారు. ఉబ్బబెట్టిన బియ్యం తింటూ మొహాలు మాడ్చుకున్న ఇంటివాళ్ళే వీళ్ళు.

చూడదలుచుకుంటే ముందు 2016 వెర్షన్ చూడండి. 2019లో ఇంకో నలభై నిమిషాలు కలిపి విడుదల చేసినదాంట్లో సుజుకి, వేశ్యావాడలో ఉండే రిన్‌కి మధ్య స్నేహం పూర్తిగా ఉంది, అది మంచిదే గానీ రెండోసారికి ఉంచుకోండి. మాంగా ఇంగ్లీషులో మూడు భాగాలూ కలిపి ఒకే పుస్తకంగా దొరుకుతుంది. చదివేటప్పుడు ఆగస్టు 15 దగ్గరికి రాగానే సుజు మొహం మీంచి కాసేపు కళ్ళు తిప్పి, ఊరి ఇళ్ళ మధ్యలో ఆ జెండా ఎక్కడుందో వెతకండి. చిన్నదే, కానీ ఉంటుంది.